బండి ఆగేదాకా తాళం ముట్టొద్దన్న మేష్టారు

నాకు కారు నేర్పిన మేష్టారు పోయారన్న కబురు సంతలో అల్లం కొంటుండగా తెలిసింది. చెప్పింది ఆసుపత్రి జీపులో మా వైపు ఊళ్లు తిరిగే నర్సమ్మ. ఆవిడా ఆయన దగ్గర నేర్చుకున్నదే. జీపు ఆపింది, హ్యాండు బ్రేకు లాగింది, ఇంజను కట్టేసి గేరులో పెట్టింది, అప్పుడు దిగింది. ఏడుస్తూ కూడా ఆ వరస తప్పలేదు. "మేష్టారు లేరు సార్. మూడ్రోజుల జొరం. పొద్దున్నే పోయారు" అంది. మళ్లీ జీపెక్కి వెళ్లిపోయింది.

అల్లం తూస్తున్న మనిషి ఆ మాట వింది. తక్కెడ పట్టుకున్న చెయ్యి కాసేపు గాలిలోనే ఉండిపోయింది. "ఆడు పోయాడా" అంది, నావైపు చూడకుండా. తూకం అయ్యాక పైన ఒక కొమ్ము ఎక్కువే వేసి నా సంచిలో పోసింది.

ఆమె సుక్రయ్య భార్య. సుక్రయ్య మేష్టారి దగ్గరే డ్రైవింగ్ నేర్చుకున్నాడు. ఎనిమిదేళ్ల కిందట, కొండ కింద ఉన్న కోట ఊరి వైపు దిగే ఘాట్ రోడ్డు మీద వాన్ తోలుతూ చచ్చిపోయాడు. మేష్టారు తప్పుడు పద్ధతి నేర్పడం వల్లే మొగుడు పోయాడని ఈ ఎనిమిదేళ్లూ ఆమె నమ్మింది. అలా అని ఆమెకి చెప్పిన పెద్దమనుషులున్నారు. అది అబద్ధమని కళ్లారా చూసి తెలిసినవాళ్లు ఇద్దరమే. ఒకడు నా బావమరిది. రెండోవాణ్ణి నేను.

చనిపోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయమంటే నేను రాయగలను. ఈ లోయలో శాఖా గ్రంథాలయంలో ముప్పై ఏళ్లు పనిచేశాను. ఎవరూ చదవని పుస్తకాలన్నీ నేనే చదివాను. సంస్మరణ వ్యాసాలు వందల కొద్దీ చదివాను. వాటిలో సగం, బతికుండగా ఆ మనిషికి అన్యాయం చేసినవాళ్లు రాసినవే. ఇదీ ఆ జాతిదే. కాకపోతే ఇందులో ఆ సంగతి పైకి చెబుతాను.

ఆయన పోయిన ఐదో రోజున బజారులోని వర్తకులు సంతాప సభ పెట్టారు. ఎనిమిదేళ్లు ఆయన గడప తొక్కనివాళ్లు ఆయన ఫోటోకి దండ తెచ్చారు. ముందు కుర్చీలో మా బావమరిది. ఇప్పుడు అతనికి మూడు షాపులు, గుడి కమిటీలో పెద్దరికం. లేచి, గొంతు సవరించుకుని, మేష్టారు మంచి మనిషేనని, కాకపోతే పాతకాలం పద్ధతులని, దానివల్ల కొంత నష్టం జరిగినా పోయినవాళ్ల గురించి మంచే చెప్పుకోవాలని అన్నాడు. అందరూ తలలూపారు. చదువుకున్నవాణ్ణని తర్వాత నన్ను మాట్లాడమన్నారు. నేను లేచాను. ఆయన క్రమశిక్షణ గురించి రెండు వాక్యాలు చెప్పి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇంకా నా చెవిలో ఉన్నాయి. ఆ రోజు నేను చెప్పాల్సిన మిగతా మాటలు ఇవి.

మేష్టారు కొండ మనిషి. ఇంట్లో మాట్లాడుకునే మాట ఒడియాకి దగ్గరగా ఉంటుంది. కుర్రతనంలో డొంకరాయి డ్యాం దగ్గర కూలికి వెళ్లి, జీపులు కడుగుతూ, కడిగిన జీపుని నీడలోకి జరుపుతూ తోలడం నేర్చుకున్నారట. తర్వాత ఒక ప్రభుత్వ శాఖలో డ్రైవరుగా పాతికేళ్లు చేశారు. రిటైరయ్యాక ఒక పాత తెల్ల కారు కొని నేర్పడం మొదలుపెట్టారు. మనిషి పొట్టి. సీటు మీద మడత పెట్టిన గోనెసంచి వేసుకుని కూర్చునేవారు. ఘాట్ మీద ప్రతి మలుపులోనూ ఆయన పెదవులు కదిలేవి. దేవుడి పేరేమో అనుకునేవాణ్ణి. ఒకసారి చెవి పెట్టి విన్నాను. "ధీరే, ధీరే" అంటున్నారు. నెమ్మదిగా, నెమ్మదిగా అని. నాతో కాదు, బండితో.

మొదట్లో ఆయన్ని నేను "నువ్వు" అనేవాణ్ణి. మైదానం నుంచి కొండెక్కి వచ్చిన మాకందరికీ అదే అలవాటు. తెల్ల జుట్టున్న గిరిజనుణ్ణి "ఏరా" అని పిలిచి, వాడి చేతిలో తరాజు సరిగ్గా ఉందా లేదా అని అనుమానించేవాళ్లం. ఆయన నన్ను "సార్" అనేవారు. ఎవరికి ఎంత మర్యాద చెల్లుతుందో మా పుస్తకాలు నాకు నేర్పలేదు.

ఇప్పుడు ప్రమాదం సంగతి.

మా బావమరిది అంటే నా భార్య తమ్ముడు. ఇక్కడ కిరాణా కొట్టు నడుపుతూ, కొండ సరుకు కొని కింద కోట బజారుకి పంపేవాడు. ఇరవై ఏళ్లు ఒకే పాత జీపు. ఘాట్ మొదలవగానే డ్రైవరు చేత న్యూట్రల్ కొట్టించి, ఇంజను ఆపించేవాడు. బండి దానంతటదే దిగుతుంటే డీజిలు తగలెయ్యడం దేనికని అతని సిద్ధాంతం. ఆపించడంతో సరిపెట్టుకునేవాడు కాదు. డ్రైవరు దొంగచాటుగా మళ్లీ స్టార్టు చేస్తాడని అనుమానం. అందుకని తాళం చెవి లాగి చొక్కా జేబులో వేసుకునేవాడు. అడుగున చదును రోడ్డు వచ్చాక తీసి ఇచ్చేవాడు. ఇది దాచుకున్న విషయం కాదు. బజారులో గొప్పగా చెప్పుకునేవాడు. మిగతా వర్తకులు కొందరు అతన్ని చూసి నేర్చుకున్నారు కూడా. తాళం తీస్తే చక్రాన్ని బిగించేసే స్టీరింగ్ లాక్ పాత జీపుకి లేదు. తాళం జేబులో ఉన్నా చక్రం తిరుగుతుంది. అందువల్ల ఇరవై ఏళ్లు ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడాన్ని తెలివి అనుకున్నాడు.

ఆ ఏడు జీపు అమ్మేసి కొత్త వాన్ కొన్నాడు. దాంతో సరుకు దింపడం అదే మొదటిసారి. వెనక పసుపు, అల్లం బస్తాలు. ముందు సుక్రయ్య తోలుతున్నాడు, మధ్యలో బావమరిది, తలుపు పక్కన నేను. నాకు విశాఖలో కళ్లు చూపించుకునే పని ఉంది. ఊరికే తీసుకెళ్తానంటే ఎక్కాను.

పొద్దున పది గంటలు అయ్యుంటుంది. మంచు విడిపోయింది. రోడ్డు పొడిగా, ఖాళీగా ఉంది. ఘాట్ మొదలైన చోట బావమరిది, "న్యూట్రల్ కొట్రా" అన్నాడు. సుక్రయ్య కొట్టలేదు. కొత్త బండి, బరువు మీద ఉంది, మేష్టారు ఒద్దన్నారు బాబూ అన్నాడు. బావమరిది నవ్వాడు. "మీ మేష్టారు డీజిలు పోయిస్తాడేట్రా" అన్నాడు. నేనూ నవ్వాను. ఈ రాతలో ఏది వదిలేసినా ఆ నవ్వు వదలకూడదని రాస్తున్నాను.

సుక్రయ్య న్యూట్రల్ కొట్టాడు. బావమరిది చెయ్యి చాచి, పాత అలవాటు ప్రకారం, తాళం తిప్పి, లాగి, చొక్కా జేబులో వేసుకున్నాడు. కాసేపు బాగానే ఉంది. రోడ్డు తిన్నగా ఉంది. టైర్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. నాకు ఆ నిశ్శబ్దం హాయిగా కూడా అనిపించింది. మలుపు వచ్చింది. సుక్రయ్య చక్రం తిప్పాడు. టక్ మని ఒక చిన్న చప్పుడు. చక్రం ఆగిపోయింది.

"బాబూ, తాళం" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. బావమరిది జేబు తడుముకుంటున్నాడు. ఆ జేబులో కళ్లజోడు, పెన్ను, తాళం ఒకదానికొకటి చుట్టుకున్నాయి. "బాబూ, తాళం" అన్నాడు మళ్లీ. బ్రేకు తొక్కుతున్నాడు. ఇంజను లేని బ్రేకు రెండు మూడు తొక్కుళ్లు వింటుంది, తర్వాత రాయిలా బిగుస్తుంది. ఆ విషయం అప్పుడు నాకు తెలీదు, అతనికి తెలుసు. హ్యాండు బ్రేకు కూడా లాగాడు. చేయగలిగినవన్నీ చేశాడు. అతని చేతిలో లేనిది ఒక్కటే, అది పక్క మనిషి జేబులో ఉంది. పిట్టగోడ పగలగొట్టుకుని దిగువకి వెళ్లాం. ఒక సిల్వర్ ఓక్ చెట్టు వాన్‌ని ఆపింది. చెట్టు తగిలింది డ్రైవరు వైపు.

నాకు భుజం ఎముక విరిగింది. బావమరిదికి తల మీద కుట్లు పడ్డాయి. ఆసుపత్రి బల్ల మీద, అతని జేబులోవి ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఉంచారు. కళ్లజోడు, పెన్ను, కొత్త వాన్ తాళం. నేను చూశాను. మా ఆవిడ వచ్చి ఆ సంచి తీసి తన బ్యాగులో పెట్టుకుంది. అదీ చూశాను.

డ్రైవరే ఇంజను ఆపాడని, మేష్టారి శిష్యులంతా ఇంతేనని, ఘాట్‌లో ఇంజను ఆపి దిగడం ఆయనే నేర్పుతాడని బావమరిది చెప్పాడు. తాళం ప్రమాదంలో ఎక్కడో పడిపోయిందని పోలీసులు కాగితం మీద రాసుకున్నారు. నన్ను అడగడానికి వచ్చేముందు మా ఆవిడ నా మంచం పక్కన కూర్చుంది. "వాడికి పిల్లలున్నారండీ. పోయినవాడు ఎలాగూ పోయాడు" అంది. తమ్ముడి కోసం అక్క ఆ మాట అనడంలో వింత లేదు. విన్నవాడు ముప్పై ఏళ్లు పుస్తకాల మధ్య కూర్చున్నవాడు. అబద్ధపు సాక్ష్యం చెప్పి కుళ్లిపోయిన మనుషుల కథలు ఎన్ని చదివానో, ఎన్నిటి కింద పెన్సిలుతో గీతలు గీశానో నాకే తెలుసు. నేను నిద్రపోతున్నానని చెప్పాను. నాకేమీ తెలియదన్నాను. రాసుకుని వెళ్లిపోయారు.

తప్పు డ్రైవరుదే అని తేలాక సుక్రయ్య కుటుంబానికి రావలసిన పరిహారం రాలేదు. స్థానిక విలేకరి ఒకడు, శిక్షణ లోపమే ప్రాణం తీసిందని రాశాడు. వాడు ఏనాడూ చక్రం పట్టినవాడు కాడు, కనీసం మా లైబ్రరీలో ఒక పుస్తకం పట్టినవాడూ కాడు.

వారం తర్వాత మేష్టారు మా ఇంటికి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. పైకి లాగిన వాన్‌ని చూసి వస్తున్నారు.

"బండిలో తాళం నేదు సార్. బొక్క కాళీ. స్టీరింగు బిగిసిపోయుంది. తాళం తియ్యకుండా అది బిగవదు. మీరు ముందు సీటులోనే ఉన్నారంట గదా. తాళం ఎక్కడికెల్లింది?"

నేను నిద్రపోతున్నానని చెప్పాను. ఆయన నా మొహం వైపు చూశారు. అద్దంలో వెనక బండిని చూసినట్టు, ఒక్క క్షణమే. "అలగా సార్" అన్నారు. చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత బజారులో ఎవరూ తమ డ్రైవర్లని ఆయన దగ్గరికి పంపలేదు. కింద కోటలో పదిహేను రోజుల్లో లైసెన్సు అని బోర్డు పెట్టినవాడి దగ్గరికి పంపారు. అతను మైదానంలో నాలుగు చుట్లు తిప్పించి వదిలేస్తాడు. వాళ్లలో ఎందరు బండి రాసి ఘాట్ మీద గోడలకి రంగు పూశారో ఇక్కడ అందరికీ తెలుసు. అయినా నింద ముసలాయనకే అంటుకుంది. సుక్రయ్య భార్య సంతకి వెళ్తూ ఆయన గుమ్మం ముందు ఆగి, ఉమ్మి, వెళ్లేది. ప్రతి వారమూ. ఆయన ఆ సమయానికి లోపలికి పోయేవారు కాదు. అరుగు మీదే కూర్చుని ఉండేవారు. ఆమె వెళ్లాక చెంబుతో నీళ్లు పోసి గుమ్మం కడిగేవారు.

రెండేళ్లు గడిచాయి. మా ఆవిడకి జబ్బు చేసింది. నెలకి రెండుసార్లు విశాఖ తీసుకెళ్లాలి. ప్రతిసారీ బావమరిది బండి అడగాలి, అతని పక్కన కూర్చోవాలి. అది నావల్ల కాలేదు. అరవై మూడేళ్ల వయసులో కారు నేర్పమని ఆయన గుమ్మానికి వెళ్లాను. ఆయన నన్ను ఎందుకొచ్చావని అడగలేదు. రేపు పొద్దున సంత మైదానానికి రమ్మన్నారు.

మొదటి రోజు కారు ఎక్కనివ్వలేదు. మైదానంలో కొంచెం ఎత్తుగా ఉన్నచోట కారు నిలబెట్టి, గేరు తీసి, వెనక నుంచి తొయ్యమన్నారు. నేను తోశాను. కదల్లేదు. ఇంకా తొయ్యమన్నారు. బెత్తెడు కదిలి మళ్లీ నా మీదికే వచ్చింది. ఆయన చేత్తో ఒక రాయి టైరు కింద పెట్టి ఆపారు. "బండి బరువు ముందు సేతికి తెలవాల సార్. అప్పుడు గాని కాలికి తెలవదు" అన్నారు. నేను రొప్పుతున్నాను. రెండో రోజూ తోయించారు. మూడో రోజు ఎక్కించారు, పక్క సీట్లో. కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు వినమన్నారు. గేరు ఎప్పుడు మార్చాలో మీటరు చూసి కాదు, విని చెప్పమన్నారు. నేను తప్పు చెప్పినప్పుడల్లా ఏమీ అనేవారు కాదు, మళ్లీ వినమనేవారు.

ఆయన చెప్పేవి తక్కువ. చెప్పినవి వదిలేవారు కాదు. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీద కాలు ఆనించి దిగేవాడు కిందికి చేరేసరికి బ్రేకు ఉండదు. "బ్రేకు మీ మాట ఇంటాది సార్. ఎన్నిసార్లు ఇంటాదో మాత్రం సెప్పదు." లోయ వైపు చూడొద్దు. "సూపు ఎటెల్తే బండీ అటే ఎల్తాది." ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. మంచులో పెద్ద లైటు వెయ్యొద్దు, అది మంచునే చూపిస్తుంది. ఆపేటప్పుడు చక్రాలు కొండ వైపు తిప్పి పెట్టాలి. టైరు కింద పెట్టిన రాయిని, బయల్దేరేముందు దిగి, తీసి, రోడ్డు పక్కన పెట్టాలి. లారీలవాళ్లు అలా వదిలేసిన రాళ్లు ఘాట్‌లో ఎక్కడ కనిపించినా ఆయన కారు ఆపించేవారు. దిగి, రాయి ఎత్తి, మార్జిన్‌లో పెట్టి, చేతులు దులుపుకుని ఎక్కేవారు. వెనక బొర్రా గుహలు చూడ్డానికి వచ్చిన కార్లవాళ్లు హారన్లు మోగించి బూతులు తిట్టేవారు. ఆయన వాళ్లకి చెయ్యెత్తి దారి చూపించేవారు, వాళ్లేదో నమస్కారం పెట్టినట్టు.

ఇవన్నీ ఒక ఎత్తు. రోజూ పాఠం అయ్యాక అనే మాట ఒకటుంది. నేను కారు ఆపి తాళం వైపు చెయ్యి పెట్టగానే, "బండి ఆగిందా సార్" అనేవారు. ఆగింది మేష్టారూ అనాలి. "ఆగేదాకా తాళం ముట్టొద్దు." రోజూ ఇదే. ఇంకెవరికి చెప్పినా అది పాఠం. నాకు చెప్పినప్పుడు అది పాఠమేనా అని నేను ప్రతిరోజూ ఆయన మొహంలో వెతికేవాణ్ణి. ఏమీ కనిపించేది కాదు. అంతకన్నా శిక్ష ఏముంటుంది.

నెల దాటాక ఒక రోజు, మైదానం ఖాళీగా ఉండగా, మొదటి గేరులో నడక వేగంతో పోనిమ్మన్నారు. పోనిచ్చాను. న్యూట్రల్ అన్నారు. కొట్టాను. "ఇప్పుడు తాళం తిప్పి, లాగెయ్యండి."

నేను ఆయన వైపు తిరిగాను. రోజూ వద్దన్నదే చెయ్యమంటున్నారు. "రోడ్డు మీద కాదు గదా సార్. ఇక్కడ ఏటీ అవదు. లాగండి."

లాగాను. తాళం నా చేతిలోకి వచ్చింది. "ఇప్పుడు ఎడం తిప్పండి." తిప్పాను. టక్ మంది. అదే చప్పుడు. చక్రం నా చేతుల్లో గోడకి కొట్టిన మేకులా బిగిసింది. కారు మనిషి నడిచేంత వేగంతోనే పోతోంది. ఎదురుగా ఏమీ లేదు, సంతవాళ్లు వదిలేసిన క్యాబేజీ ఆకులు, ఒక ఆవు. అయినా నేను అరిచాను. రెండు కాళ్లతో బ్రేకు తొక్కాను. ఆయన హ్యాండు బ్రేకు లాగారు. కారు ఆగింది. ఆవు తల కూడా ఎత్తలేదు.

నా చేతులు చక్రం వదల్లేదు. అప్పుడు మేష్టారు, ముందు అద్దంలోంచి చూస్తూ అన్నారు.

"తెలిసిందా సార్."

తెలిసింది మేష్టారూ అన్నాను. ఆ రోజు నుంచే ఆయన్ని "మీరు" అనడం మొదలుపెట్టాను. మర్యాద నేర్చుకోవడానికి నాకు అరవై మూడేళ్లు, ఒక బిగిసిన చక్రం కావలసి వచ్చాయి.

ఆ రోజు కాకపోయినా అదే వారంలో ఒక రోజు, ధైర్యం చేసి అడిగాను. సంగతేమిటో మీకు తెలుసు కదా, సుక్రయ్య పెళ్లాం మీ గుమ్మం ముందు ఉమ్ముతుంటే ఎందుకు ఊరుకుంటారు, ఆమెకి మీరే చెప్పొచ్చు కదా అన్నాను. ఎంత సిగ్గులేని ప్రశ్నో అడిగాక గాని తెలియలేదు. ఆయన కారు బానెట్ తుడుస్తున్నారు. తుడవడం ఆపలేదు.

"నాను సెప్తే నా గురించి నాను సెప్పుకున్నట్టుంటాది. సూసినోలు సెప్పాల."

సూసినోలు సెప్పాల. అంతే. నన్ను బతిమాలలేదు, బెదిరించలేదు, నిలదీయలేదు. చూసినవాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. గుడ్డ పిండి, ఆరేసి, రేపు పెందరాళే రమ్మన్నారు, మంచులో దిగడం చూపిస్తానన్నారు.

ఆ తర్వాత ఆరేళ్లు బతికారు. ఆరేళ్లు ఆ మాట నా దగ్గర పెట్టుకుని తిరిగాను. మొదట మా ఆవిడ ఉందనుకున్నాను. ఆమె పోయింది. తర్వాత ఆమె పోయిన ఏడాదిలోనే తమ్ముడి మీద నింద వెయ్యడం ఏమిటనుకున్నాను. ఏడాది గడిచింది. తర్వాత ఇన్నేళ్లకి చెబితే ఎవరు నమ్ముతారనుకున్నాను. సాకు వెతకడంలో చదువుకున్నవాడికి ఉన్నంత నేర్పు ఎవరికీ ఉండదు. ఆయన మాత్రం కనిపించినప్పుడల్లా, "బండి ఎలగుంది సార్" అని అడిగేవారు. బాగుంది మేష్టారూ అనేవాణ్ణి. నా కారు ముందు చక్రం బ్రేకు గీరుకుని చప్పుడు చేస్తోందని రోడ్డు అవతల నుంచే విని, ఒకసారి అరుగు దిగి వచ్చి, చక్రం విప్పి చూశారు. అప్పటికే ఆయనకి ఆయాసం. పోవడానికి రెండు నెలల ముందు సంగతి అది.

సంతాప సభ నుంచి ఇంటికి వచ్చిన రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది కాని, పట్టింది. నాకు ఎప్పుడూ నిద్ర బాగానే పడుతుంది. నిద్రపోతున్నానని చెప్పి బతికినవాణ్ణి. తెల్లారాక మాత్రం, కారు తీసి సుక్రయ్య ఊరికి వెళ్లాను.

ఆమె ఇంటి ముందు కూర్చుని అల్లం మట్టి దులుపుతోంది. నిలబడే చెప్పాను. ఎవరు తాళం లాగారో, ఎక్కడ పెట్టుకున్నారో, నేను ఏమని చెప్పానో, అన్నీ. నా గొంతు లైబ్రరీలో చదివి వినిపించినట్టే ఉంది. ఆమె దులపడం ఆపలేదు. అంతా అయ్యాక తల ఎత్తింది.

"మావోడు ఆకర్న ఏటన్నాడు బాబూ?"

"బాబూ, తాళం అన్నాడు. రెండుసార్లు."

"మరి ఆ మేష్టరుకి ఇదంతా తెలుసా?"

తెలుసన్నాను.

"తెలిసీ నాతో ఏటీ అనలేదా? ఎనిమిదేల్లు నాను ఆయన గుమ్మం కాడ ఊసేనే."

ఆయన అన్న మాట చెప్పాను. ఆమె చేతిలోని కొమ్ము పక్కన పెట్టింది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. "ఇప్పుడు సెప్పి ఏటి సేత్తారు బాబూ, ఇనాల్సినోలు ఒకలు మట్టిలో, ఒకలు బూడిదలో" అంది. పిలిచిన చోటికల్లా వచ్చి ఇదే చెబుతానన్నాను. ఈ కాగితం మీద నా సంతకం ఉంటుందన్నాను. బావమరిది చదవడని తెలుసు, చదివి వినిపించేవాళ్లు అతనికి చాలామంది ఉన్నారనీ తెలుసు.

ఆమె అదంతా విన్నట్టు లేదు. వేరే అడిగింది.

"లాకు పడ్డమంటే ఏటి? సక్రం తిరగదా? మావోడు బలమైనోడు. దుక్కిటెద్దుని ఒంటి సేత్తో ఆపినోడు."

చెప్పడానికి ప్రయత్నించాను. నా మాటలు చాలలేదు. చివరికి నా కారు ఎక్కమన్నాను. అందులోనే తాళం లాగి చూపిద్దామనుకున్నాను, కాని ఆమె లేచి, "ఆయన కారు ఉందా" అంది.

మేష్టారి ఇంటి వాలు మీద ఆ పాత తెల్ల కారు ఆయన ఎలా పెట్టారో అలాగే ఉంది. చక్రాలు కొండ వైపు తిరిగి ఉన్నాయి. వెనక టైరు కింద రాయి. ఆయన కూతురు సుక్రయ్య భార్యని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత లోపలికి వెళ్లి తాళం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏమీ అడగలేదు. ఆ ఇంట్లో ఎవరికీ అడిగే అలవాటు లేదు.

డ్రైవరు సీటు మీద గోనెసంచి ఇంకా ఉంది. ఆమె దాని మీద కూర్చుంది. బండి ముందు సీట్లో కూర్చోవడం ఆమెకి అదే మొదలు. నేను తాళం పెట్టి తిప్పి, చక్రం తిప్పమన్నాను. తిప్పింది. బరువుగా ఉన్నా తిరిగింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. "ఇంతేనా" అన్నట్టు చూసింది.

నేను వంగి తాళం లాగాను. నా చొక్కా జేబులో వేసుకున్నాను. ఎలా జరిగిందో అలా చూపించాలి కదా. "ఇప్పుడు తిప్పమ్మా" అన్నాను.

టక్.

ఆమె రెండు చేతులతో లాగింది. గోళ్లలో అల్లం మట్టి. సీటు అంచుకి జరిగి, భుజం వేసి లాగింది. చక్రం వేలెడంత అటు, వేలెడంత ఇటు కదులుతోంది, అంతకు మించి కదలడం లేదు. ఎదుటి అద్దం మీద దుమ్ము పట్టి ఉంది. దాని వెనక రోడ్డు, రోడ్డు వెనక మలుపు.

నేను జేబులోంచి తాళం తీసి ఆమె ముందు పట్టుకున్నాను. ఆమె దాని వైపు చూడలేదు. ముందుకే చూస్తూ చక్రాన్ని అటూ ఇటూ లాగుతూనే ఉంది. టక్, టక్ అని చాలాసేపు వినిపించింది.